దెయ్యానికి డూపు

శుక్రవారం.
ప్రార్థనకి వెళ్తున్నానని మామాతో చెప్పి
జహ్రాలో ఒక ఖాళీ విల్లాకి
దెయ్యంగా వెళ్ళాను.

జుట్టు చూసి పిలిచారు.
ఫర్వానియా కిరాణా కొట్లో వెనకనించి చూసి
"విగ్గు ఖర్చు మిగిలింది" అన్నాడట మేనేజరు.
ముఖం హీరోయినుది, వీపు నాది.
వీపుకి పదిహేను దీనార్లు.

పాత సినిమాని మళ్ళీ తీస్తున్నారు.
మలికిపురం హాల్లో నేల టిక్కెట్టుకి చూశాను దాన్ని
మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని.
తెల్లచీర, గజ్జెలు, పొగ,
పొగలోంచి ఓ పాట.
ఇంటర్వెల్లో ఒక్క ఆడమనిషీ బయటికెళ్ళలేదు,
బిగబట్టుకుని కూర్చున్నారు అందరూ.

అంతకు ముందే కనకరత్నం నాకు తెలుసు.
టైలరు యోహాను వారపత్రికలోంచి చింపి
కాజాల దారంతో కుట్టిన నవల,
రోజుకి పావలా అద్దె.
అందులో ఆమెకి గజ్జెల్లేవు.
ప్రేమించి మోసం చేసినవాడూ లేడు.
దొరగారింట్లో మూడేళ్ళు వండింది.
జీతం అడిగిన రాత్రి నూతిలో పడింది.
పడిందని ఊరు అనుకుంది.
అప్పట్నించి అమావాస్య అమావాస్యకీ వచ్చి
వంటింటి గుమ్మంలో చెయ్యి చాపి నిలబడేది.
అంతే.
అరిచేది కాదు, పీక నొక్కేది కాదు.
అరచేతిలో మాత్రం
గిన్నెలు తోమిన మసి.

ఆఖరి వారం కాగితాలు ఎవరో చించుకుపోయారు.
యోహాన్ని అడిగితే
"కుట్టింది నేను, రాసింది నేనా?" అన్నాడు.
ముప్పై ఏళ్ళయింది.
ఆమెకి డబ్బులిచ్చారో లేదో నాకిప్పటికీ తెలీదు.

టీ బ్రేకులో డైరెక్టరు కుర్రాణ్ణి అడిగాను:
"సార్, నవల్లో చివరికేమవుద్ది?"
సినిమాని నలభైసార్లు చూశాడట,
ఏ షాటు తర్వాత ఏ షాటో నిద్రలో చెప్తాడట.
"దానికి నవల కూడా ఉందా ఆంటీ?" అన్నాడు.
తెల్లచీర పాతబడిందని
నల్ల అబాయా వేద్దామన్నాడు కాసేపు.
కెమెరా అతను దణ్ణం పెట్టాడు,
"కేసయిపోద్ది బాబూ, మనల్ని ఎక్కించేస్తారు."
చివరికి బూడిదరంగు నైటీ.

లైటు పట్టుకున్న లింబాద్రి, జగిత్యాలాయన,
నా కథంతా విన్నాడు.
"మా కంపెనీల ఏడు నెల్ల జీతం రాలే.
గట్లైతే మా క్యాంపంత దయ్యాలే అక్కా"
అని లైటు కొంచెం పక్కకి తిప్పాడు,
నా కళ్ళల్లో పడకుండా.

పద్నాలుగు టేకులు.
నడుముకి తాడు కట్టి గోడ ఎక్కించారు.
మెడ విరిగినట్టు వాల్చమన్నారు, వాల్చాను.
గోళ్ళతో సున్నం గీకమన్నారు.
బయట దుమ్ము లేచి కిటికీలు ఎర్రబడ్డాయి.
"ఇంకా భయపెట్టాలి, ఇంకా!" అని మైకులో అరుపు.
ఎలా భయపెట్టాలో నాకర్థం కాలేదు.
నాకు తెలిసిన భయం
మామా బీరువాలో, బంగారం పెట్టె కింద,
నీలం అట్టతో చప్పుడు చెయ్యకుండా పడుకునుంటుంది.
దాని మీద నా ఫొటో కూడా ఉంది,
జుట్టు బిగించి, రెండు చెవులూ కనిపించేలా.

పేకప్ అన్నాక చెయ్యి చాపాను.
"సోమవారం" అన్నాడు మేనేజరు.
ఏ సోమవారమో అడిగేలోపు కారెక్కేశాడు.

సల్వాలో బస్సు దిగేసరికి పది దాటింది.
వంటగదిలో లైటు వెయ్యలేదు.
సింకు నిండా గిన్నెలు,
మాడిన మచ్బూస్ అడుగంటిన పెద్ద డేగిసా.
తోమాను. నీళ్ళు నల్లగా పోయాయి.
చేతులు కడుక్కోలేదు.

మెట్లెక్కి
మామా గది తలుపు కొట్టాను.
చిన్నప్పుడు చెప్పేవాళ్ళు,
మనుషులైతే మూడోసారి కూడా పిలుస్తారు,
రెండుసార్లకే ఆగిపోయేది మనిషి కాదు అని.

మూడుసార్లూ కొట్టాను.

లోపల టీవీ ఆగింది. చెప్పుల చప్పుడు.
నాలుగు నెలలు, అరబ్బీలో మనసులో లెక్కపెట్టుకుంటూ
చెయ్యి చాపి నిలబడ్డాను.

తలుపు తెరుచుకున్నాక గుర్తొచ్చింది,
జుట్టు ఇంకా ముఖం మీదే ఉందని.
తీసుకోలేదు.